టపాకాయ అనే పేరు

ఓనరు ఆ ఉదయం షెడ్డులోకి వస్తూనే చేతిలో ఉన్న పొట్లాన్ని బల్ల మీద పడేశాడు. పొట్లంలో వేయించిన సాసేజ్ ఒకటి ఉంది. పొట్ట నిలువునా చీలి, లోపలి మాంసం బయటికి తన్నుకొచ్చి, కాగితమంతా నూనె చేసింది.

“దీన్ని బజార్లో ఏమంటున్నారో తెలుసా?” అన్నాడు.

అందరూ చేతులాపి ఆయన వైపు చూశారు. ఆయన అసలే ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. చేసే వ్యాపారం కూడా పేగులతోనే కావడం వల్ల ఆ గుణం మరీ ముదిరిందని షెడ్డులో వెనకాల నవ్వుకునేవాళ్లు.

“టపాకాయట! ‘రెండు టపాకాయలివ్వక్కా’ అని అడుగుతున్నాడొకడు, నా ఎదురుగానే. పక్కవాళ్లు ఇకిలిస్తున్నారు. మా నాన్న పెట్టిన కొట్టు, మా నాన్న చేసిన సరుకు. దానికి ఈ పేరు పెట్టిందెవరు? ఊరికే పెడతారా ఎవరైనా?”

వదిన తల వంచుకుని తన పని తాను చేసుకుంటోంది. ఉప్పునీళ్లలో నానిన పేగును మిషను గొట్టానికి మేజోడులా తొడగడం, అవతలి నుంచి మాంసం ముద్ద దూసుకొస్తుంటే ఎడమచేత్తో పేగును కొంచెం కొంచెంగా వదలడం, నిండిన తాడును బల్ల మీద చుట్టలు చుట్టి, జానెడు జానెడుకి నొక్కి, ఒకదాన్ని ముందుకీ ఒకదాన్ని వెనక్కీ మెలిక తిప్పడం ఆమె పని. ఆమె తిప్పిన మెలిక విడిపోయిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

షెడ్డులో అందరికీ ఆమె వదినే. మాంసం కొట్టే పెద్ద మిషను దగ్గర పనిచేసేది ఆమె సొంత మరిది. చేరిన రోజు నుంచీ “వదినా, పేగులు నానాయా?”, “వదినా, తొట్టి ఖాళీ!” అని షెడ్డు అదిరేలా కేకలు పెట్టేవాడు. ఆ మాట మిగతావాళ్ల నోళ్లకీ అంటుకుంది. ఆమె తండ్రి వయసున్న మసాలా తాత కూడా వదినా అనే పిలుస్తాడు. ఓనరు ఇంకో అక్షరం తగిలించి వదినమ్మా అంటాడు. మరిదికి ఆ ఉద్యోగం ఇప్పించింది ఆమే. “మా ఇంటి పిల్లాడండీ, పూచీ నాది” అని ఓనరు ముందు నిలబడి చెప్పింది.

ఓనరు వెళ్లాక మసాలా తాత దగ్గి, “పేర్లదేముందిలే, నాలుగు రోజులంటారు, మానేస్తారు,” అన్నాడు. ఆ మాటకి అందరూ నవ్వారు. మరిది మాత్రం నవ్వలేదు. ఐసు దిమ్మ మీద కొయ్యసుత్తితో కొడుతూ, తలెత్తకుండా నేలకేసి చూస్తున్నాడు. వదిన అది గమనించింది. గమనించి, ఎందుకు గమనించానా అనుకుంది.

ఆమెకు ఈమధ్య వేళ్లు బాగున్నాయి. అంతకుముందు మధ్యాహ్నానికల్లా చల్లటి మాంసంలో వేళ్లు కొయ్యబారిపోయి, టీ గ్లాసు పట్టుకుంటే వేడి కూడా తెలిసేది కాదు. కొన్ని వారాలుగా ఆ బాధ లేదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె రాసుకోవడం వల్లేనని ఆమె నమ్మకం. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ నూనె గురించి చెప్పేది.

సాయంత్రం ఓనరు ఆమెను వెంటబెట్టుకుని, తమ సాసేజులు వేయించి అమ్మే బండి దగ్గరికి బయల్దేరాడు. “నేనడిగితే ఆవిడ చెప్పదు. నువ్వడుగు. ఆడవాళ్లు ఆడవాళ్లు మాట్లాడుకోండి,” అన్నాడు.

బండి కూడలి మలుపులో ఉంటుంది. బండి అక్క పెద్ద పెనం మీద సాసేజులు దొర్లిస్తోంది. చుట్టూ ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లు, బడి పిల్లలు, ఓనరు మేడ మీద గదిలో అద్దెకుండే రిటైరైన మాష్టారు. వాళ్లు వెళ్లేసరికి పెనం మీద ఒకటి ‘టప్‌’మని పేలింది. నూనె చింది బండి అక్క చేతి మీద పడింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

“చూశారుగా,” అంది బండి అక్క, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ. “పేరు ఎవరు పెట్టారని అడుగుతారేంటి వదినా? పేలుతున్నాయి, అంటున్నారు. ముందు మీ సరుకు సంగతి చూసుకోండి. నా చేతులు చూడు, ఎక్కడ చూసినా బొబ్బలే.”

మాష్టారు నోట్లోది నమిలి మింగి, గొంతు సవరించుకున్నాడు. పాఠం చెప్పే అవకాశం వచ్చి చాలా కాలమైనట్టుంది.

“ఇది కొత్త పేరేం కాదండీ. ఇంగ్లీషువాళ్లు సాసేజ్‌ని బ్యాంగర్ అంటారు. బ్యాంగర్ అంటే ఢామ్మని పేలేది. అంటే మన టపాకాయే!”

“వాళ్లకెందుకొచ్చిందట ఆ పేరు?” ఓనరు అటు తిరిగాడు.

“యుద్ధం రోజుల్లో మాంసం కరువైందట. దాంతో నీళ్లూ, రొట్టె పొడీ దట్టించి నింపేవాళ్లట. పెనం మీద పడగానే లోపలి నీళ్లు ఆవిరై, దారి లేక పేగుని చీల్చుకుని పేలేవట. అలా అని చెప్తారు. అయితే మాటల పుట్టుక గురించి జనం చెప్పే కథలు సగానికి సగం తర్వాత అల్లినవే ఉంటాయి. కాబట్టి...”

ఆ ‘కాబట్టి’ తర్వాత మాష్టారు ఏం చెప్పాడో ఓనరు వినలేదు. ఆయన కళ్లు పెనం మీదే ఉండిపోయాయి.

“నీళ్లు,” అన్నాడు మెల్లగా.

తిరిగొచ్చే దారంతా ఆయన ఆ ముడి విప్పుకుంటూనే నడిచాడు. “తూకం కూడా ఈమధ్య తగ్గుతోంది వదినమ్మా. తరుగులే అనుకున్నా. మాంసం బయటికి పోతోంది. అది కప్పెట్టడానికి ఎవరో నీళ్లు కలుపుతున్నారు. అందుకే పేలుతున్నాయి. అందుకే పేరొచ్చింది. చూశావా, పేరు పట్టుకుని లాగితే దొంగ దాకా వచ్చింది!”

మాంసం, నీళ్లు, ఐసు, అన్నీ కలిసేది ఒక్క చోటే. పెద్ద మిషను దగ్గర. ఆ మాట ఓనరు పైకి అనలేదు. అనకుండా ఆమె మొహంలోకి చూశాడు. వదిన కొంగు సర్దుకుని అడుగు వేగం పెంచింది.

ఆ తర్వాతి రోజు ఆమె పని చేస్తున్నంతసేపూ కళ్లు మరిది మీదే. అనుమానమంటూ ఒకసారి లోపలికి వచ్చాక దానికి మేత వెతుక్కోవడం కష్టం కాదు. వాడు మాంసం గంప వంచేటప్పుడు అటు తిరిగి నిలబడ్డాడు, ఎందుకు తిరిగాడు? మిషను తిరుగుతుండగా బొక్కెన పట్టుకుని కొళాయి దగ్గరికి వెళ్లాడు. చేతులు కడుక్కోవడానికే అయితే బొక్కెన ఎందుకు? మాంసం పెట్టె మూత తీసి, లోపలికి వంగి, చాలాసేపు ఏదో సర్దాడు. లేచినప్పుడు వాడి చూపు ఆమె చూపుతో కలిసింది. వాడు నవ్వాడు. రోజూ నవ్వే నవ్వే అది. ఇవాళ అది కూడా అతికించుకున్నట్టుంది.

“వదినా, పేగులు నానాయా?”

“ఆఁ,” అంది. ఇంకో పేగు తీసి గొట్టానికి తొడిగింది.

సాయంత్రం వాడు అందరికంటే ముందే వెనకవైపు నుంచి బయల్దేరాడు. భుజాన గుడ్డ సంచి, లోపల గోనెపట్టాలో చుట్టిందేదో బరువుగా ఉంది. ఇంటి దారి పట్టకుండా గిడ్డంగుల సందులోకి తిరిగాడు. ఆమె సందు మొదట్లో నిలబడి చూసింది. వాడు నడిచిన దారంతా దుమ్ములో తడిచుక్కలు. ఐసులో పెట్టిన మాంసం కరుగుతున్నప్పుడు అలాగే కారుతుందని ఆమెకు తెలియనిది కాదు. 

చీకటి పడకముందే వాడు ఇల్లు చేరాడు, వాళ్ల అన్నతో కలిసి. సంచి ఖాళీగా, చుట్ట చుట్టి చంకలో ఉంది.

“ఎక్కడికెళ్లావురా అటు?” అంది, గిన్నె పొయ్యి మీద పెడుతూ, మామూలుగా అడిగినట్టు.

“ఎటు?” అన్నాడు వాడు. “ఎటూ లేదు వదినా. మా స్నేహితుడొకడుంటే కలిసొచ్చా.”

“ఎవరా స్నేహితుడు?”

“వాణ్ణి ఊపిరి పీల్చుకోనివ్వవే,” అన్నాడు ఆమె భర్త. ఆయన గిడ్డంగిలో బస్తాలు మోస్తాడు. వచ్చినవాడు వచ్చినట్టు గోడకి ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు. “వయసులో ఉన్నవాడు, సవాలక్ష స్నేహాలుంటాయి. అన్నీ నీకు చెప్పాలా?”

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, వెంటనే చూపులు తిప్పేసుకున్నారు. అది ఆమె కంట పడింది. ఇద్దరూ కలిసే చేస్తున్నారన్నమాట! ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. వాళ్లూ ఏమైందని అడగలేదు. అడగకపోవడం కూడా ఆమెకు సాక్ష్యంలాగే తోచింది.

మర్నాడు ఓనరు ఆమెను కొట్టు వెనక గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఇన్నేళ్లలో ఆయన ఆమెకు కుర్చీ చూపించడం అదే మొదటిసారి.

“వదినమ్మా, నీ మీద నాకెప్పుడూ అనుమానం లేదు. రాదు కూడా. నువ్వు పూచీ పడ్డావని వాణ్ణి పెట్టుకున్నా. నువ్వే చెప్పు. వాడు చెయ్యడు అని నువ్వంటే నేనింక ఆ మాటే ఎత్తను.”

చెయ్యడు అనాలి. ఆ ఒక్క మాట చాలు. ఆమె నోరు తెరిచింది. కళ్ల ముందు దుమ్ములో తడిచుక్కలు కనబడ్డాయి. రేపు వాడు దొరికిపోతే? పూచీ పడిన మనిషి, తెలిసి దాచిన మనిషి అంటారు. ఉన్న రెండు ఉద్యోగాలూ ఒక్క దెబ్బకి పోతాయి. ఇంట్లో అద్దె, పొయ్యి, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

“ఏమోనండీ,” అంది. “సాయంత్రంపూట ఒక సంచి తీసుకెళ్తున్నాడు. అందులో ఏముందో నాకు తెలీదు.”

ఓనరు తల ఊపాడు. “ఇది నువ్వు చెప్పినట్టు ఎవరికీ తెలీదులే,” అన్నాడు.

తర్వాతి ఉదయం మరిది షెడ్డు గుమ్మంలో కాలు పెడుతుండగానే ఓనరు వాడి చొక్కా కిందనుంచి సంచి లాగాడు. లోపల గోనెపట్టా. విప్పి దులిపాడు. ఏమీ రాలలేదు. కానీ దాని మీద ఎర్రటి మరకలున్నాయి, పచ్చిమాంసం వాసన కొడుతోంది.

“ఏం తీసుకెళ్తున్నావురా దీంట్లో?”

వాడు జవాబు చెప్పబోయి, ఆగాడు. సంచి షెడ్డులోకి ఎప్పుడూ మడతపెట్టి చొక్కా కిందే తెచ్చేవాడు. సంచి అనేదొకటి ఉందని తెలిసిన మనిషి షెడ్డులో ఒక్కరే. వాడు తలెత్తి వదిన వైపు చూశాడు. ఆమె పేగుల తొట్టిలోకి వంగింది.

“చెప్పరా! మాంసం ఎవరికి అమ్ముతున్నావ్? ఎన్నాళ్లనుంచి పోస్తున్నావ్ నీళ్లు?”

“నేను నీళ్లు పొయ్యలేదండీ. మాంసం ముట్టుకోలేదు.”

“మరి సంచిలో ఏంటి?”

“ఏం లేదు,” అన్నాడు వాడు. ఆ తర్వాత ఓనరు ఎంత అరిచినా ఆ మాట మీదే నిలబడ్డాడు. చివరికి ఓనరు బయటికి చెయ్యి చూపించాడు. వాడు మెడలోని తువ్వాలు తీసి కొక్కేనికి తగిలించి, కొయ్యసుత్తిని ఎప్పుడూ పెట్టే చోట పెట్టి, వెళ్లిపోయాడు. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి వాడి చాపా, రెండు జతల బట్టలూ లేవు.

ఆమె భర్త అడిగిందొకటే. “నువ్వేమైనా అన్నావా?”

“నేనేమంటాను? దొరికాడు,” అంది ఆమె. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పెద్ద మిషను దగ్గరికి కొత్తవాడొచ్చాడు. ఓనరు పక్కనే నిలబడి, మాంసమెంతో, కొవ్వెంతో, ఐసెంతో తన తండ్రి నేర్పిన కొలత ప్రకారం దగ్గరుండి వేయించాడు. సాయంత్రం బండి చుట్టూ జనం చెవులు రిక్కించి నిలబడ్డారు. పెనం మీద సాసేజులు బుద్ధిగా చిటపటలాడుతూ ఎర్రబడ్డాయి. ఒక్కటీ పేలలేదు. పిల్లలు మొహాలు వేలాడేసుకుని వెళ్లిపోయారు.

“చూశావా వదినమ్మా!” ఓనరు మొహం వెలిగిపోయింది. “వాడు పోయాడు, నీళ్లు పోయాయి. తూకం కూడా సరిపోయింది. ఇంకేం రుజువు కావాలి?”

ఆమెకు ఊరట కలగాల్సింది. కలిగింది కూడా, రెండో రోజు మధ్యాహ్నం దాకా. అప్పుడు మెలిక తిప్పుతుంటే వేళ్లు మాట వినలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పేగు ఉందో లేదో తెలియడం లేదు. టీ వచ్చింది. గ్లాసు పట్టుకుంది. వేడి తెలియలేదు.

నిన్న రాత్రి కూడా నూనె రాసుకుందే!

గ్లాసు కింద పెట్టి మాంసం తొట్టిలో చెయ్యి పెట్టింది. ముద్ద ఎముకలు కొరికేంత చల్లగా ఉంది. ఒకప్పుడు ఎప్పుడూ ఇలాగే ఉండేది. మధ్యలో కొన్ని వారాలు ఇలా లేదు. ఆ కొన్ని వారాలే సాసేజులు పేలాయి.

“తాతా,” అంది. “ముద్ద చల్లగా లేకపోతే ఏమవుతుంది?”

“కొత్తగా అడుగుతావేం వదినా? మిషను వేడికి కొవ్వు కరిగి మాంసం నుంచి విడిపోతుంది. పెనం మీద పెట్టగానే పేగు చీల్చుకుని వస్తుంది. ఐసు వేసేది అందుకేగా. అది తగ్గితే తూకమూ తగ్గుతుంది.” చెబుతూ చెబుతూ మసాలా తాత చేతిలో గరిటె ఆగింది. 

షెడ్డులో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. ఓనరుకి మరీ బాగా తెలుసు. కానీ నీళ్లు అన్న మాట చెవిన పడ్డాక ఐసు గురించి ఒక్కరూ ఆలోచించలేదు. ఆమె కూడా ఆలోచించలేదు. రోజూ ఆ ముద్దలో చెయ్యి పెట్టే మనిషి!

సాయంత్రం ఇంటికెళ్లేసరికి భర్త ఇంకా రాలేదు. వచ్చినప్పుడు గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆమె వంగి ఆయన లుంగీ పైకి లాగింది. మోకాలు వాచి, నున్నగా, తొడంత లావుగా ఉంది.

“ఎన్నాళ్లనుంచి?”

ఆయన కళ్లు మూసుకున్నాడు. “నీకు చెప్తే పని మానిపిస్తావు. కింద కూర్చోబెడితే గిడ్డంగిలో నా చోటు ఒక్క పూటైనా ఖాళీగా ఉంటుందా? చిన్నోడు ఐసు తెచ్చి కాసేపు కట్టు కట్టేవాడు. వాపు తగ్గాక ఇద్దరం నడిచొచ్చేవాళ్లం. ఒక్క ముక్కే తీసి సాయంత్రం దాకా మాంసం పెట్టెలో దాస్తున్నా అన్నాడు, ఎవరికీ నష్టం లేదన్నాడు. వాపు పెరిగేకొద్దీ ముక్కా పెద్దదైంది.”

“మరి ఓనరు అడిగితే చెప్పొచ్చుగా వాడు!”

“నువ్వక్కడే ఉన్నావటగా,” అన్నాడు ఆయన. “నీకు తెలియకూడదని నేనే ఒట్టు వేయించుకున్నా.”

ఆమె ఆ మోకాలి మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది, ఒళ్లంతా మండేంత సిగ్గు.

మర్నాడు పనికి ముందే ఓనరు దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. చివర్లో, “సంచి సంగతి చెప్పి నేనే తప్పు చేశాను. వాణ్ణి మళ్లీ రానివ్వండి,” అంది.

ఆయన విని, గడ్డం రుద్దుకున్నాడు. “ఐసేనా? ఒక్క మాట అడిగితే దిమ్మకి దిమ్మ ఇచ్చేవాణ్ణి కదా వదినమ్మా! ఇవాళ్టినుంచి నువ్వే తీసుకెళ్లు. ఐసుదేముంది?”

“మరి వాడు?”

“వాడు వద్దు.” ఆయన గొంతు తగ్గించాడు. “నీళ్లు కలిపినవాణ్ణి తీసేశాను అని బజారంతా చెప్పుకున్నా. ఇప్పుడు వాణ్ణే తెచ్చి పెట్టుకుంటే మళ్లీ అందరూ పెనం వైపే చూస్తారు. ఆ పేరు పోయిందే చాలు.”

మరిది బస్టాండు వెనక ఎవరి గదిలోనో ఉన్నాడని తెలిసి ఆమె సెలవు రోజున వెళ్లింది. సందులో సైకిళ్లు బాగుచేసేవాణ్ణి అడిగింది. ఆనవాళ్లు చెప్పింది.

“ఎవరు, నీళ్లబాబా?” అన్నాడు వాడు, చక్రం తిప్పుతూ. “పై గది.”

“ఆ పేరేంటి?”

“సాసేజుల్లో నీళ్లు పోసి అమ్మేవాడట కదమ్మా. అందుకొచ్చింది,” అన్నాడు ఎంతో ఖాయంగా.

“అది అబద్ధం. వాడు నీళ్లు పొయ్యలేదు. నేను అక్కడే పనిచేస్తాను, నాకు తెలుసు.”

సైకిళ్లవాడు ఆమెను కిందనుంచి పైకి చూశాడు. “మీరు వాడికేమవుతారు?” అన్నాడు. ఆమె చెప్పాక, “అదీ సంగతి,” అని నవ్వి చక్రం తిప్పుకున్నాడు.

మరిది గుమ్మంలోనే నిలబడ్డాడు. చిక్కాడు. ఇటుకల లారీ మీద పనికి వెళ్తున్నాడట. అరచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి.

“ఓనరుకి చెప్పింది నేనేరా,” అంది ఆమె.

“తెలుసండీ,” అన్నాడు.

ఆ ‘అండీ’ ఆమె గుండెలో దిగబడింది.

“మీ అన్నకి రోజూ ఐసు నేనే కడుతున్నా. వాపు తీసింది. నన్ను తిట్టు, ఏమైనా అను. ఇంటికి రా.”

“తిట్టడమెందుకండీ. అన్నయ్యని జాగ్రత్తగా చూసుకోండి. వీలు చూసుకుని వస్తాలెండి.” వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. మెట్ల దాకా వచ్చి, “కింది మెట్టు విరిగింది, చూసి దిగండి,” అన్నాడు. అంతసేపట్లో వదినా అని ఒక్కసారి కూడా అనలేదు.

మర్నాడు షెడ్డు యథాప్రకారం తెరుచుకుంది. ఐసు వచ్చింది. బండి దగ్గర ఇప్పుడెవరూ టపాకాయ అనడం లేదు. సాసేజ్ అనే అడుగుతున్నారు. మసాలా తాత పొడులు కొలుస్తున్నాడు. కొత్తవాడు హుషారుగా ఐసు కొట్టి మిషనులో వేసి, ఇటు తిరిగి కేక పెట్టాడు.

“వదినా, పేగులు నానాయా?”

ఆమె ఉలిక్కిపడి చూసింది.

“నేను వచ్చినప్పట్నుంచీ అడుగుదామనుకుంటున్నా,” అన్నాడు వాడు నవ్వుతూ. “అందరూ వదినా అంటే నేనూ అనేస్తున్నా. అసలు మీరెవరికి వదిన? ఎలా వచ్చింది ఈ పేరు?”

మసాలా తాత డబ్బా మూత గట్టిగా బిగించాడు. ఆమె గొట్టానికి పేగు తొడుగుతోంది. వేళ్లు అప్పటికే మొద్దుబారడం మొదలెట్టాయి.

“మా మరిది పిలిచేవాడు,” అంది.

“ఇప్పుడు పిలవడా?”

“మిషను వెయ్యి,” అంది వదిన. “ముద్ద వేడెక్కిపోతుంది.”